మార్టూరు గ్రామసభ ఆమోదానికి ఉంచుతున్న తీర్మానం: ఊరి వీధులు, నీరు, మురుగు బాధ్యత ఒకే ఇంజినీరు చేతికి

విషయం: మార్టూరు పెరుగుదలకు తగిన రోడ్లు, తాగునీరు, మురుగు కాలువలు, వాననీటి దారులను ఒక్క ప్రణాళిక కిందికి తేవడం, ఆ ప్రణాళికకు బాధ్యుడిగా ఒక సీనియర్ ఇంజినీరును నియమించమని ప్రభుత్వాన్ని కోరడం, ఆ ఇంజినీరు అధికారాలు, విధులు, జవాబుదారీతనం గురించి సభ అభిప్రాయాన్ని నమోదు చేయడం.

పీఠిక

మార్టూరు కాగితం మీద గ్రామ పంచాయతీ. చిలకలూరిపేటకూ ఒంగోలుకూ మధ్య, 16వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని పెరుగుతున్న ఈ ఊరు చేసే పని మాత్రం పట్నానిది. బల్లికురవ కొండల రాయి, చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాయి ఇక్కడి ఫ్యాక్టరీలకు వచ్చి, కోతపడి, పాలిషు పట్టి, లారీలెక్కుతాయి. చుట్టుపక్కల పత్తి, మిర్చి రైతులకు ఎరువుల కొట్టు, బ్యాంకు, ఆసుపత్రి, బస్సు అన్నీ ఇక్కడే. రాజస్థాన్, బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు అద్దె గదుల్లో కాపురాలు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి, మనం ప్రకాశం నుంచి ఆ జిల్లాలోకి వచ్చాం. జిల్లా మారింది, జనం పెరిగారు. పొలాలు ప్లాట్లయ్యాయి. ఆ ప్లాట్ల వాన నీరు ఎటు పోవాలో అడిగితే చెప్పే అధికారి ఇప్పటికీ ఒక్కరూ లేరు.

ఈ లోటును తీర్చే మార్గం చర్చించడానికి ఈ సభ ముందు కింది పరిశీలనలు, తీర్మానాలు ఉంచడమైనది.

పరిశీలనలు

ఒకటి. మన ఊరి మీద అధికారం ఉన్న ఇంజినీర్లకు కొదవ లేదు. లోపలి సిమెంటు రోడ్లు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖవి. కుళాయి నీళ్లు గ్రామీణ నీటిసరఫరా శాఖవి. పక్క ఊళ్లకు పోయే రోడ్లలో కొన్ని రోడ్లు భవనాల శాఖవి. నాగార్జునసాగర్ కాలువ జలవనరుల శాఖది. హైవే, దాని సర్వీసు రోడ్డు, దాని కింది కల్వర్టులు జాతీయ రహదారుల సంస్థవి. స్తంభాలు, తీగలు విద్యుత్ పంపిణీ సంస్థవి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాక ఇంజినీరింగ్ అసిస్టెంటు కూడా ఊళ్లోనే ఉంటున్నారు. ఇన్ని కార్యాలయాల పని కలిసేది మాత్రం ఒక్క వీధిలోనే. వాటన్నిటినీ కలిపి చూసే కుర్చీ లేదు.

రెండు. దాని ఫలితం ఏ వీధిలో నిలబడినా కనిపిస్తుంది. పాత సిమెంటు రోడ్డు పగిలితే దాన్ని తవ్వి తీయకుండా పైనే ఇంకో పొర పోస్తారు. రెండు విడతలు పోసేసరికి వీధి జానెడు లేస్తుంది, పాత ఇళ్ల గడపలు వీధి కంటే కిందికి దిగిపోతాయి. అప్పటిదాకా ఇంట్లోంచి వీధిలోకి పారిన వాన నీరు ఆ ఏటి నుంచి వీధిలోంచి ఇంట్లోకి పారుతుంది. ఇంటివారు అప్పు చేసి గడప ఎత్తుతారు, లేదా అరుగు ముందు ఇటుకల కట్ట కడతారు. ఎస్టిమేటులో పొడవు, వెడల్పు, మందం ఉన్నాయి. బిల్లు కూడా సరిగ్గానే వచ్చింది. లెవెల్ పరికరం పెట్టి గడప ఎత్తు కొలిచినవారు మాత్రం లేరు. తప్పు ఏ ఒక్క కాగితంలోనూ దొరకదు. అందుకే అది ఏటేటా మళ్లీ జరుగుతుంది.

మూడు. సైడు కాలువల కథ కూడా ఇంతే. నిధులు వచ్చినంత మేర వంద మీటర్లో, రెండు వందల మీటర్లో కాలువ కట్టి ఆపేస్తారు. కాలువ మొదలెక్కడో అందరికీ తెలుసు, అది ఎక్కడికి చేరాలో ఎవరూ రాయరు. మురుగు సెకనుకు సుమారు 0.6 మీటర్ల వేగంతోనైనా నడిస్తేనే అడుగున మట్టి పేరుకోదని ఇంజినీరింగ్ పాఠం. వాలు లేని కాలువలో ఆ వేగం రాదు, చివర దారి లేని కాలువలో అసలు నడకే ఉండదు. అలాంటిది దోమలు పెరిగే తొట్టి అవుతుంది.

నాలుగు. మన నేల సంగతి మనకు తెలుసు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా పోసిన సిమెంటు గానీ తారు గానీ నిలవదు. మట్టి కొంత తీసి, గ్రావెల్ పరిచి, తడిపి, రోలరు తిప్పి, పక్కన నీరు నిలవకుండా చేశాకే రోడ్డు వేయాలి. పైగా మన రోడ్ల మీద తిరిగేవి గ్రానైట్ దిమ్మెలు మోసే భారీ లారీలు. ఊరి ఎడ్లబండ్ల కోసం అనుకున్న మందం వాటికి ఆగదు. ఏ రోడ్డు మీద ఎంత బరువు తిరుగుతుందో లెక్కగట్టి మందం నిర్ణయించడం ఇంజినీరు పని. ఆ లెక్క లేకుండా అన్ని వీధులకూ ఒకే మందం రాయడం గుమాస్తా పని.

ఐదు. నేల వాలు పడమర కొండల వైపు నుంచి తూర్పున సముద్రం వైపు. హైవే ఈ వాలుకు అడ్డంగా, ఎత్తయిన కట్ట మీద పోతుంది. కట్ట కింద ఉన్న కల్వర్టులే పడమటి నీటికి తూర్పు దారి. వాటికి చేరే వాగులు, డొంకలు పూడితే, లేదా వాటి ముందు లేఅవుట్లు లేస్తే, పెద్ద వానకు నీరు ఊళ్లోనే నిలుస్తుంది. ఇదే హైవే మీద, మనకు దగ్గరలో కొరిశపాడు వద్ద, అత్యవసరంలో విమానాలు దిగేందుకు 4.1 కిలోమీటర్ల రన్‌వే కట్టారు. 2022 డిసెంబరు 29న వాయుసేన అక్కడ తొలి ప్రయోగం చేసింది. విమానం దిగే చోట రోడ్డు లెవెల్, మందం, వాననీటి వాలు చూసుకునే కట్టి ఉంటారు. ఆ శ్రద్ధలో కొంతైనా పక్కనున్న ఊరి వీధికి దక్కాలని అడగడం అత్యాశ కాదు.

ఆరు. గ్రానైట్ మనకు అన్నం పెడుతోంది. ఆ కోత నుంచి వచ్చే స్లర్రీ, డస్టు, పలకల ముక్కలు మాత్రం రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద కుప్పలవుతున్నాయి. తడిగా ఉన్నప్పుడు స్లర్రీ కాలువలోకి జారి అడుగున గట్టిపడుతుంది, ఎండితే గాలికి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సాగర్ కుడి కాలువ చివరి ఆయకట్టులో ఉన్న మనకు నీరు రావడమే ఆలస్యం. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన నాటి నుంచి చివరి భూముల గోడు ఒక్కటే: పైన మిగిలితే కింద. ఆ మిగిలిన నీటికి కూడా పూడిక అడ్డం రాకూడదు.

ఏడు. మురుగు, తాగునీరు పక్కపక్కనే పోతే ఏమవుతుందో గుంటూరు 2018 మార్చిలో చూసింది. తాగునీటి గొట్టాల్లో మురుగు కలిసి అతిసారం వ్యాపించింది. వందలమంది ఆసుపత్రుల్లో చేరారు, పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఇది ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి. కుళాయి కనెక్షన్ గొట్టం మురుగు కాలువలోంచి పోతుంది, తుప్పు పట్టి సన్నటి చిల్లు పడుతుంది. నీళ్లు వదిలిన గంటసేపు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి నీరు బయటికి చిమ్ముతుంది. నీళ్లు ఆగాక ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు ఎవరైనా కుళాయికి మోటారు బిగించి లాగితే, అదే చిల్లులోంచి కాలువలోని మురుగు లోపలికి వస్తుంది. మన వీధుల్లో కాలువలోంచి పోయే గొట్టాలు లేవని, మోటార్లు లేవని చెప్పగలిగినవారు ఈ సభలో ఉన్నారా?

ఎనిమిది. ఇంజినీరుకు బాధ్యత, అధికారం, గడువు ఇస్తే ఒక నగరం ఎలా మలుపు తిరుగుతుందో తెలుగువారి చరిత్రలోనే ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో దాదాపు 15,000 మంది చనిపోయారని అంచనా. నిజాం ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వచ్చీరాగానే గోడలు కట్టించలేదు. ముందు లెక్క తీశారు. మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయని, వరదలో వాటిలో 221 తెగాయని తేల్చారు. నగరంలో కనిపించిన ముప్పు పుట్టింది నగరానికి పైన అని అప్పుడు తెలిసింది. మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద జలాశయాలు కట్టాలని, నది ఒడ్డులు ఎత్తు చేయాలని, నగరానికి మురుగునీటి వ్యవస్థ కావాలని నివేదిక రాసిచ్చి, అదే ఏడాది మైసూరు చీఫ్ ఇంజినీరుగా వెళ్లిపోయారు.

తొమ్మిది. ఆయన వెళ్లాక నివేదిక అటక ఎక్కలేదు. 1912లో నగర అభివృద్ధి బోర్డు ఏర్పడింది. 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ వంటి ఇంజినీర్లు ఆ పని అందుకున్నారు. మురుగునీటి పథకం కోసం విశ్వేశ్వరయ్యను మళ్లీ పిలిపించుకున్నారు. ఒక మనిషి మేధ కన్నా ఇక్కడ చూడాల్సింది ఆ వరస: కొలత, నివేదిక, సంస్థ, దాన్ని కొనసాగించే మనుషులు. ఆ వరస తెగితే ఏమవుతుందో కూడా అదే నగరం చూపించింది. చెరువులు, నాలాలు ఆక్రమణల పాలయ్యాక 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్ కాలనీలు మళ్లీ మునిగాయి. ఇంజినీరు కట్టినదాన్ని కాపాడుకునే కట్టుబాటు జనానికి, పాలకులకు లేకపోతే ఆ కట్టడం వందేళ్లకైనా ఓడిపోతుంది.

పది. లండన్ కూడా మన స్థితిలోంచే వచ్చింది. అక్కడ మురుగు కాలువల మీద పెత్తనం ఒకప్పుడు చిన్న చిన్న కమిషన్లు, పారిష్‌ల మధ్య ముక్కలైంది. ఒకరి కాలువ పక్కవారి కాలువతో కలవదు. 1855లో నగరమంతటికీ ఒకే బోర్డు పెట్టి, 1856లో జోసెఫ్ బాజల్‌జెట్‌ను చీఫ్ ఇంజినీరుగా నియమించారు. 1858 వేసవిలో థేమ్స్ నది కంపుకు పార్లమెంటులో కూర్చోలేని స్థితి వచ్చాక డబ్బు, అధికారం వెంటనే కదిలాయి. ఆయన 1889 దాకా అదే కుర్చీలో ఉన్నారు. ఆ నగరపు ప్రధాన మురుగు కాలువలు నేటికీ ఆయన వేసినవే. ముప్పై మూడేళ్లు మనం అడగడం లేదు. బదిలీల కాలంలో ఐదేళ్లు అడుగుతున్నాం.

పదకొండు. ఇలా అడగడానికి మనకు చట్టబద్ధమైన హక్కు ఉంది. రాజ్యాంగం 243జి అధికరణం, పదకొండో షెడ్యూలు తాగునీరు, రోడ్లు, కల్వర్టులు, పారిశుధ్యాన్ని పంచాయతీలకు అప్పగించదగిన విషయాలుగా పేర్కొన్నాయి. గ్రామసభకు ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994 పునాది. 15వ ఆర్థిక సంఘం 2021–26 గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని నిర్దేశించారు. డబ్బు ఎంత వచ్చినా ముందు ప్రణాళిక ఉంటేనే అది ఊరికి పనికొస్తుంది.

తీర్మానాలు

పై విషయాలను చర్చించి, ఈ సభ కింది విధంగా తీర్మానించడమైనది.

1. మార్టూరుకు, దానికి ఆనుకుని పెరుగుతున్న శివార్లకు కలిపి ఒక సమన్వయ ఇంజినీరును నియమించమని జిల్లా కలెక్టరు గారిని కోరాలని తీర్మానించడమైనది. ఆయన లేదా ఆమె డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు స్థాయికి తగ్గకూడదు. రోడ్లు, నీరు, మురుగు, వాననీటి దారులకు సంబంధించి ఏ శాఖ పని మొదలుపెట్టాలన్నా ముందుగా ఆ ఇంజినీరు సంతకం ఉండాలి.

2. ఆ నియామకం కనీసం ఐదేళ్లు ఉండాలని, తప్పనిసరై బదిలీ చేస్తే కొత్తగా వచ్చేవారికి పటాలు, రికార్డులు అప్పగించి, ఊళ్లో కలిసి తిరిగి చూపించాకే రిలీవ్ చేయాలని తీర్మానించడమైనది.

3. ఆ ఇంజినీరు మొదటి పని శంకుస్థాపన కాకూడదని, ఊరి లెవెల్స్ పటం కావాలని తీర్మానించడమైనది. ప్రతి వీధి ఎత్తు, ఇళ్ల గడపల ఎత్తు, కాలువల వాలు, అవి చేరే చోటు, హైవే కల్వర్టులు, వాగులు, డొంకలు, చెరువు అలుగులు, నేలలో ఉన్న నీటి గొట్టాలు ఆ పటంలో ఉండాలి. పటం సచివాలయం గోడ మీద ఎవరైనా చూసేలా వేలాడదీయాలి.

4. ఆ పటం సిద్ధమయ్యే దాకా, ప్రాణాపాయం ఉన్న మరమ్మతులు తప్ప, పంచాయతీ నిధులతో కొత్త సిమెంటు రోడ్డు ఏదీ వేయకూడదని తీర్మానించడమైనది. తర్వాత వేసే ఏ రోడ్డయినా పాత పొర తీసి, గడప ఎత్తుకు లోబడి వేయాలి.

5. ముందు గొట్టాలు, తర్వాత కాలువ, ఆఖరున రోడ్డు అనే వరస తప్పకూడదని తీర్మానించడమైనది. కొత్త రోడ్డును తవ్వాలనుకునే ఏ శాఖయినా, ఏ సంస్థయినా ముందుగా ఇంజినీరు అనుమతి తీసుకుని, తిరిగి పూడ్చే ఖర్చు డిపాజిట్ చేయాలి.

6. ప్రతి మురుగు కాలువ ఎస్టిమేటులో అది చివరకు చేరే చోటు రాయాలని, ఆ చోటు నుంచే కట్టడం మొదలై ఊరి లోపలికి రావాలని తీర్మానించడమైనది. మురుగును శుద్ధి చేయకుండా సాగర్ కాలువలోకి గానీ, చెరువులోకి గానీ వదిలే పథకాన్ని ఈ సభ అంగీకరించదు.

7. తాగునీటి గొట్టాలను మురుగు కాలువల్లోంచి తప్పించే పనికి తొలి ప్రాధాన్యం ఇవ్వాలని తీర్మానించడమైనది. వానాకాలంలో వారానికోసారి ఊరి చివరి కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష చేసి, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉన్నదీ లేనిదీ నోటీసు బోర్డులో రాయాలి. జల్ జీవన్ మిషన్ చెప్పిన మనిషికి రోజుకు 55 లీటర్ల లెక్కలో అద్దె గదుల కార్మికులను కూడా కలపాలి.

8. గ్రానైట్ వ్యర్థాల కోసం ఊరికి, కాలువలకు దూరంగా ఒక స్థలం గుర్తించి, స్లర్రీని ఫ్యాక్టరీలోనే తొట్లలో తేర్చి, నీటిని తిరిగి వాడుకుని, ఎండిన పొడినే అక్కడికి తరలించేలా ఇంజినీరు పథకం ఇవ్వాలని తీర్మానించడమైనది. ఆ పొడిని ఇటుకలకు, గుంతలు పూడ్చడానికి ఏ మేరకు వాడవచ్చో పరీక్షించాలి. ఫ్యాక్టరీల యజమానులు, కార్మికులు, కాలువ రైతులు మూడు వర్గాలనూ కూర్చోబెట్టి ఈ పథకం రాయాలి.

9. భారీ లారీలు తిరిగే రోడ్లను వేరుగా గుర్తించి, నల్లరేగడికి, ఆ బరువుకు తగిన మందంతో వేయాలని, బడులు, ఆసుపత్రి ఉన్న వీధుల్లోకి ఆ లారీలు పగటిపూట రాకుండా దారులు నిర్ణయించాలని తీర్మానించడమైనది.

10. కొత్త లేఅవుటుకు పంచాయతీ అభిప్రాయం ఇచ్చే ముందు, దాని వాన నీరు ఏ దారిన ఏ కల్వర్టుకు చేరుతుందో ఇంజినీరు రాతపూర్వకంగా చెప్పాలని తీర్మానించడమైనది. వాగు, డొంక, అలుగు పూడ్చిన లేఅవుటుకు ఈ పంచాయతీ అనుకూలంగా రాయదు.

11. పనుల ఎస్టిమేట్లు, ఎం.బుక్కులు (కొలతల పుస్తకాలు), సిమెంటు క్యూబులకు 28 రోజుల తర్వాత చేసిన పరీక్షల ఫలితాలు ప్రతి గ్రామసభలో ఉంచాలని తీర్మానించడమైనది. సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం పనులను తనిఖీ చేయడానికి, వాడిన సామగ్రి నమూనా తీసుకోవడానికి పౌరుడికి హక్కు ఉంది. అడగకముందే చూపించడం ఆ ఇంజినీరు పద్ధతి కావాలి.

12. సాంకేతికంగా తప్పు అనుకున్న పనిని కాదనే హక్కు ఇంజినీరుకు ఉండాలని తీర్మానించడమైనది. ఆ కాదన్న మాట కారణాలతో రికార్డులో రాయాలి. దాన్ని తోసిపుచ్చే ప్రజాప్రతినిధి గానీ, అధికారి గానీ, తన పేరు, సంతకం, కారణం కూడా అదే పుటలో రాయాలి. నోటిమాట ఆదేశం మీద ఊళ్లో ఒక్క తట్ట కాంక్రీటు కూడా పడకూడదు.

సభ తన మీద తాను విధించుకుంటున్న బాధ్యతలు

ఇంజినీరును అడిగి ఊరుకుంటే సరిపోదు. ఆయన గీసిన గీత మన ఇంటి ముందుకు వచ్చినప్పుడు మనం ఏం చేస్తామన్న దాని మీదే ఈ తీర్మానం నిలుస్తుంది. కాబట్టి సభ్యులందరూ ఇవి ఒప్పుకోవాలని తీర్మానించడమైనది:

అ. సైడు కాలువ మీద కట్టిన మెట్లు, ర్యాంపులు, కొట్ల అరుగులు, పటం ప్రకారం అడ్డమైన చోట, నోటీసు అందిన 30 రోజుల్లో ఎవరికి వారు తీసివేయాలి. పెద్దిల్లా, చిన్నిల్లా అని చూడకూడదు. పంచాయతీ సభ్యుల ఇళ్లతోనే మొదలుపెట్టాలి.

ఆ. కుళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగించడం మానాలి. సంపు కట్టుకోలేని ఇళ్లున్న వీధులకు నీళ్లు వదిలే సమయం పెంచమని ఇంజినీరును కోరాలి.

ఇ. ఇంటి పన్ను, నీటి పన్ను బకాయిలు ఈ ఆర్థిక సంవత్సరంలోపు కట్టాలి. ఫ్యాక్టరీలు, వాణిజ్య భవనాల పన్ను అసలు కొలతల మీదే వేయాలి.

ఈ. సిమెంటు రోడ్డు పోసిన వీధివారు దాన్ని తడిపే రోజుల్లో వాహనాలు తిప్పకూడదు. తడపని కాంట్రాక్టరును అక్కడే నిలదీయాలి.

అమలు

ఈ తీర్మానం అమలును చూడటానికి ప్రతి వార్డు నుంచి ఇద్దరు, అందులో ఒకరు మహిళ, ఒక సంఘంగా ఏర్పడాలని తీర్మానించడమైనది. కుళాయి దగ్గర నిలబడేదీ, నీరు ఇంట్లోకి వచ్చినప్పుడు ఎత్తిపోసేదీ ఎక్కువగా ఆడవారే కాబట్టి సంఘం అధ్యక్షత వారికే ఇవ్వాలి. సంఘం మూడు నెలలకోసారి ఇంజినీరుతో కలిసి ఊరు తిరగాలి. వానాకాలం ముందు ఒకసారి, మొదటి పెద్ద వాన పడిన మరునాడు మరోసారి తప్పనిసరిగా తిరగాలి. కాలువ గుణం ఎండలో తెలియదు.

నియామకం ఆలస్యమైతే, అందుబాటులో ఉన్న ఇంజినీరింగ్ అసిస్టెంటు, శాఖల ఏఈలు కలిసి లెవెల్స్ పటం పని మొదలుపెట్టాలని, అందుకయ్యే ఖర్చు నిబంధనల మేరకు పంచాయతీ భరించాలని తీర్మానించడమైనది. మూడో తీర్మానంలోని పటం వచ్చే గ్రామసభ అజెండాలో మొదటి అంశం. అది సభ ముందుకు రాకపోతే మిగతా అంశాల చర్చకు ముందు కారణం చెప్పాలి.

ప్రతిపాదించినవారు: ....................

బలపరచినవారు: ....................

ప్రతులు: జిల్లా కలెక్టరు, బాపట్ల, పంచాయతీరాజ్, గ్రామీణ నీటిసరఫరా, రోడ్లు భవనాలు, జలవనరుల శాఖల ఇంజినీర్లు, జాతీయ రహదారుల సంస్థ, విద్యుత్ పంపిణీ సంస్థ స్థానిక అధికారులు, మండల పరిషత్తు అభివృద్ధి అధికారి, పర్చూరు శాసనసభ్యులు, సచివాలయం నోటీసు బోర్డు.